ఇర్వింగ్ మీదుగా లె పుయ్ దారి

మొదటి రెండు కిలోమీటర్లూ గుండెలు జారే ఎక్కుడు అని విమలకుమారి కాగితంలో పెన్సిల్‌తో రాసిపెట్టింది గాని, అట్లపెనంలా చదునైన ఈ అమెరికా ఊళ్ళో, ఇర్వింగ్‌లో, ఎక్కుడేమిటి నా మొహం, అనుకుంది పర్సిస్. ట్రెయిల్ మొదట్లోని పార్కింగ్‌లో కారు పెట్టి, బూట్ల తాళ్ళు రెండోసారి బిగించి, వాచీలో మీట నొక్కి అడుగు వేసేసరికి ఉదయం ఆరున్నర దాటి మూడు నిమిషాలు. ముందున్నది కాంక్రీటు బాట, దాని పక్కన వరసగా కరెంటు టవర్లు, ఆ పక్కన ట్రినిటీ నది అని బోర్డు పెట్టుకున్న మట్టిరంగు నీళ్ళు. కాగితంలో ఉన్నది వేరు. కాగితంలో ఫ్రాన్సు. లె పుయ్ అనే ఊళ్ళో కొండమీది చర్చి మెట్లు దిగి, మళ్ళీ ఇంకో కొండెక్కి, నల్లరాతి గోడల మధ్య నుంచి, పప్పుచేల మధ్య నుంచి నడిచి సాయంత్రానికి సాన్ ప్రివా అనే ఊరు చేరాలి. వెయ్యేళ్ళుగా జనం నడుస్తున్న యాత్రాదారిలో మొదటిరోజు నడక, మొత్తం ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఇవాళ మే మూడో తారీకు, శనివారం. ఇవాళ వాళ్ళిద్దరూ అక్కడ నడుస్తూ ఉండాల్సింది. ఇద్దరిలో ఒకామె మార్చి పదకొండున పోయింది. రెండో ఆమె టికెట్ క్యాన్సిల్ చేసుకుని, అదే రోజున, అవే ఇరవై నాలుగు కిలోమీటర్లు ఇర్వింగ్‌లో నడుస్తోంది, పన్నెండు పోవడం, పన్నెండు రావడం. చూసేవాళ్ళకి వెర్రిబాగుల పనిలా ఉంటుంది. చూసేవాళ్ళెవరూ లేరు, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ తప్ప.

కాగితం నాలుగు మడతలు. విమల కూతురు ఇషా తల్లి సొరుగులో దొరికిందని పోయిన వారం తెచ్చిచ్చింది. ముందే అంతా చదివేయకూడదని, నడిచినంత మేరకే మడత విప్పాలని పర్సిస్ తనకు తాను ఒక నియమం పెట్టుకుంది. నియమాలు పెట్టుకుంటే మనిషి స్థిమితంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాళ్ళు వాటి పని అవి చూసుకుంటున్నాయి. మనసేమో పప్పుచేల దగ్గరే ఆగింది. అసలు ఆ పప్పువల్లే కదా ఇదంతా. నాలుగేళ్ళ కిందట విమలక్క ఇండియన్ స్టోర్ దాకా పోవడానికి బద్ధకించి పక్కనున్న అమెరికన్ షాపులో ఆకుపచ్చ పప్పు పాకెట్ ఒకటి కొనుక్కొచ్చింది, పెసలనుకుని. రాత్రంతా నానబోసి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి, శనివారం పొద్దున పెసరట్టు తిందువుగాని రావే అని పిలిచింది. అట్టు పెనానికి అతుక్కుని చస్తే ఊడిరాదు. అట్లకాడ వంగింది గాని అట్టు లేవలేదు. విమలక్క భర్త జూడన్న ఆ ముద్దనే చెంచాతో గోకి తిని, బాగానే ఉంది, ఉప్మా అనుకుంటే సరి అన్నాడు. పాకెట్ తిప్పి చూస్తే ఫ్రెంచి లెంటిల్స్, లె పుయ్ అని ఊరి పేరు. "మన పెసరట్టు చెడగొట్టిన ఊరు ఎక్కడుందో చూడవే పర్సీ" అంది విమలక్క. ఫోన్లో చూస్తే ఊళ్ళోంచి బయల్దేరిన ఒక దారి, దారి వెంట వీపున సంచులేసుకున్న జనం, ముసలీ ముతకా కూడా. పాలపాకెట్‌కి సైతం కారు తీసే మనిషి, ఆ జనాన్ని చూసి, వంటింట్లో నిలబడి, మనమూ పోదామే ఒక్కరోజు నడుద్దాం అంది. పిండిచేతులు కూడా కడుక్కోలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళూ వీడియోలే. చెట్ల మీదా రాళ్ళ మీదా తెలుపు ఎరుపు గీతలు ఉంటాయనీ, అవి పక్కపక్కన ఉంటే అదే దారి, ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి కొట్టేసినట్టు ఉంటే అది దారి కాదనీ పర్సిస్‌కి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తెలుసు. చర్చిలో ఈ సంగతి తెలిసినప్పుడు ఏసుపాదం పాస్టర్ గారు మెల్లగా పక్కకి పిలిచి, "మనకి యాత్రలూ మొక్కులూ లేవు కదమ్మా, అవి వేరేవాళ్ళవి" అన్నారు. విమలక్క తడుముకోలేదు. "యాత్రకి ఎవరు పోతున్నారు పాస్టర్ గారూ, వాకింగ్‌కి పోతున్నాం" అంది. ఆయనకి నవ్వొచ్చి ఊరుకున్నారు. అసలు అడ్డంకి పాస్టర్ గారు కాదు, పర్సిస్ పాస్‌పోర్ట్. విమలక్క సిటిజన్, ఎటైనా పోతుంది, వస్తుంది. పర్సిస్ వీసా స్టాంప్ గడువు తీరిపోయి ఆరేళ్ళు, గ్రీన్ కార్డు క్యూ ఏ కాలానికి కదులుతుందో ఆ దేవుడికే తెలియాలి. దేశం దాటితే తిరిగి రావడానికి కాన్సులేట్ ముందు నిలబడాలి. అయినా టికెట్ బుక్ చేసింది. అమెరికా వచ్చిన పదిహేడేళ్ళలో చేసిన ఒకే ఒక్క తెగువ అది. సైకిల్ మనిషి ఒకడు వెనకనుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిచి దూసుకుపోయాడు. ఎండ అప్పుడే చెవులకి తగులుతోంది.

మూడో కిలోమీటరు. పెద్ద హైవే వంతెన కింద నీడ, పైన లారీల దడదడ. మార్చి పదకొండు, మంగళవారం, సాయంత్రం అయిదుంబావు. విమలక్క ఆఫీసు పార్కింగ్‌లో కారెక్కి, సీటుబెల్టు పెట్టుకుని, ఇంకా స్టార్ట్ చేయలేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. యాభై నిండలేదు. పర్సిస్ ఏడవలేదు. ఏడవడానికి టైమేదీ, ఎవరెవరు ఏ పూట జూడన్నవాళ్ళకి భోజనం పట్టుకెళ్ళాలో షీట్ తయారు చేసింది, పన్నీరు కూర మూడు రోజులు వరసగా రాకుండా చూసింది, అక్కకి కట్టడానికి కాటన్ చీర ఎక్కడుందో వెతికి తీసింది, అంత్యక్రియల్లో ముందు వరసలో ఇషా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అబ్బ, ఎంత ధైర్యం సిస్టర్ మీకు అన్నారు అందరూ. ధైర్యమా పాడా. ఆఫీసులో ఆమె పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. తప్పు దొరికితే కంగారు పడకూడదు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే వచ్చిందో రాసిపెట్టుకోవాలి. ఆ అలవాటు ఒంటికి పట్టుకుపోయింది. రాసిపెట్టుకున్న తప్పు ఒకటి ఇప్పుడు కుడి జేబులో ఉంది, అరచేతిలో సగం ఉండే అట్టముక్క, అంచుల్లో బంగారు రంగు గీత.

అది వాగ్దానం కార్డు. మొక్కులు లేవంటారు, జాతకాలు లేవంటారు, తప్పు తప్పు అని లెంపలేసుకుంటారు, జనవరి ఒకటిన మాత్రం ఆరాధన అయ్యాక అందరూ వరసలో నిలబడి కళ్ళు మూసుకుని పళ్ళెంలోంచి ఒక్కో కార్డు తీస్తారు. దాని మీద ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అది. ఒక్కసారే తీయాలి. నచ్చలేదని మళ్ళీ తీయకూడదు, పక్కవాళ్ళతో మార్చుకోకూడదు. ఎవరి చేతికొచ్చింది వాళ్ళదే అని పాస్టర్ గారు ప్రతి ఏడూ మైకులో చెప్తారు, ఎందుకంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు మార్చుకుంటారు. ఈ ఏడు పర్సిస్ చేతికి ప్రయాణం గురించిన వాక్యం వచ్చింది. విమలక్కకి దీర్ఘాయువు వాక్యం. బిర్యానీ ట్రేలు కారులో పెట్టడానికి బయటికొచ్చినప్పుడు పార్కింగ్‌లో ఇద్దరూ ఒకళ్ళ కార్డు ఒకళ్ళు చూసుకున్నారు, మార్చుకున్నారు. ప్రయాణానికి వెళ్ళేదాన్ని నేను కదే, అది నాకియ్యి అంది విమలక్క. అంతే. అర నిమిషం పని. పర్సిస్ ఇప్పటికి ఈ సంగతిని మనసులో వందసార్లు చెప్పుకుంది, ప్రతిసారీ ఇలాగే.

జూడన్న ఇంట్లో కీబోర్డు వాయిస్తే పక్క అపార్ట్‌మెంట్‌లో పర్సిస్ గోడకి ఆనుకుని వినేది. ఆదివారం పాటలు ఆయన చేతుల్లోంచే నడిచేవి. అంత్యక్రియలయ్యాక కీబోర్డు మీద దుప్పటి కప్పేశాడు. మూడు ఆదివారాలు చర్చికి రాలేదు. పాస్టర్ గారు వెళ్తే తలుపు తీసి, నాకు కోపంగా ఉందండీ, మీ మీద కాదు, అని మళ్ళీ వేసుకున్నాడట. నాలుగో వారం శుక్రవారం, పర్సిస్ ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే తలుపు దబదబ బాదాడు. చేతిలో విమలక్క బైబిల్, అందులో దొరికిన కార్డు. "చూడమ్మా, చూడు, దేవుడు ముందే చెప్పాడు. ప్రయాణం ఉంది, నేను తోడుంటానని జనవరిలోనే చెప్పాడు. మనం ఫ్రాన్సు అనుకున్నాం" అన్నాడు. చెంపలు తడిసి ఉన్నాయి, మొహంలో మాత్రం నెలరోజులకి మొదటిసారి కాస్త వెలుగు. ఆ క్షణాన ఏ పుణ్యాత్ములు నోరు తెరిచి అది అక్కది కాదన్నా అని చెప్పగలరు? పర్సిస్ చెప్పలేదు. ఆదివారం ఆయన వచ్చి వాయించాడు. పాస్టర్ గారు దాని మీదే ప్రసంగం చేశారు, హాలంతా ముక్కులు చీదింది. రేపు విమలక్క యాభయ్యో పుట్టినరోజు, జ్ఞాపకార్థ కూడిక. ఆ వాక్యమే బుక్‌లెట్ అట్ట మీద వేయించాడు. "ఆ రోజు నువ్వు తన పక్కనే ఉన్నావు కదా, ఆ కార్డు తన చేతికి ఎలా వచ్చిందో నువ్వే నిలబడి సాక్ష్యం చెప్పాలమ్మా" అని అడిగాడు. సరే అన్నా అంది. ఆ సరే ఇప్పుడు గొంతులో చేపముల్లులా ఉంది, మింగుడుపడదు, బయటికి రాదు.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర రెండో మడత విప్పింది. సాన్ క్రిస్తోఫ్, ఎర్రరాతి చర్చి, కుళాయి ఉంది. పక్కన పెన్సిల్‌తో: ఇక్కడ పర్సీ కాఫీ అంటుంది, ఫ్లాస్క్ మర్చిపోకూడదు. కాఫీ లేదు. ఎర్రరాతి చర్చీ లేదు. ఒక బెంచీ ఉంది, దాని మీద ఎవరి పేరో ఇత్తడి రేకులో. కూర్చుని అరటిపండు తింది. పైనుంచి కాటన్‌వుడ్ చెట్ల దూది రాలుతోంది, బాటంతా పరుపు చిరిగినట్టు తెల్లగా. చిన్నప్పుడు నిజాంపట్నం కాలవగట్టు మీద బూరుగు చెట్లుండేవి, ఆదివారం చర్చికి నడిచేటప్పుడు ఆ దూది తల్లో చిక్కుకునేది, అమ్మమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది, చర్చి గుమ్మం దగ్గర తొడుక్కునేది, చెప్పులు అరిగితే దేవుడి ముందు అరగాలిగాని దారిలో కాదని. అమ్మమ్మకి అబద్ధమంటే మంట. ఒకసారి కానుక డబ్బులతో ఐసు కొనుక్కుని కానుక వేసేశానన్న పర్సిస్‌ని ఏమీ అనకుండా, చర్చిలో అందరూ లేచేటప్పుడు మాత్రం నువ్వు కూర్చో అంది. అంతే అంది. ఇప్పటికీ చర్చిలో అందరూ లేచేటప్పుడు కాళ్ళు ఒక్క క్షణం ఆలోచిస్తాయి.

ఇక్కడి చర్చిలో పర్సిస్ పేరు మరో విధంగా ప్రసిద్ధి. ప్రార్థన విన్నపాల పట్టికలో పర్సిస్ సిస్టర్ వివాహం కోసం అని పద్నాలుగేళ్ళు ఉంది. కొత్తగా వచ్చిన స్టూడెంట్ పిల్లలు కూడా ఆమెని ఎరక్కముందే ఆమె పెళ్ళి కోసం ప్రార్థన చేసేవాళ్ళు. ఒకరోజు విమలక్క లేచి, ఇక దేవుణ్ణి విసిగించకండి, అది సుఖంగా ఉంది, ఆ టైము ఎవరి ఉద్యోగానికైనా వాడండి అంది. పర్సిస్ సిగ్గుతో చచ్చిపోయింది, సంతోషంతో కూడా. అంత మాట తన కోసం ఎవరు అన్నారు ఎప్పుడైనా? వారానికి నాలుగు రోజులు ఆ ఇంట్లోనే తిండి. సినిమాకి పోతే మూడు టికెట్లు కాదు, నాలుగు. ఇండియాలో ఊళ్ళో ఉన్న సొంత చెల్లెలితో నెలకోసారి మాటలు, పక్కింటి అక్కతో రోజుకి నాలుగుసార్లు. రోజుకి నాలుగుసార్లు మాట్లాడే మనిషికి డిసెంబరులో జరిగిన సంగతి చెప్పలేదు. ఆలోచన అక్కడిదాకా వచ్చి, కాలు రాయికి తగిలినట్టు, పక్కకి తిరిగింది. తాబేళ్ళు. దుంగ మీద ఏడు తాబేళ్ళు వరసగా, ఎండకి మెడలు చాచి. ఎనిమిది. చివరిది చిన్నది.

పన్నెండు కిలోమీటర్ల దాకా పోదామనుకుంది గాని పదకొండుముప్పావు కిలోమీటర్ల దగ్గర బాట తవ్వేశారు. అడ్డంగా ఆరెంజ్ రంగు వల, ట్రెయిల్ క్లోజ్డ్ అని బోర్డు. తెలుపు ఎరుపు గీతలు కొట్టేసినట్టే, అనుకుని వెనక్కి తిరిగింది. అక్కడి దారిలో అయితే వెనక్కి తిరగడం ఉండదు, నడిచిన ఊరు నడిచినట్టే వెనక ఉండిపోతుంది; ఇక్కడ అవే టవర్లు, అవే తాబేళ్ళు, అదే బెంచీ, ఎండ మాత్రం ఎదురుగా. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు రెండు నిమిషాలకొకటి తల మీదుగా, చక్రాలు కనిపించేంత కిందికి. ఎడమ మడమలో బొబ్బ లేచింది. ఫోన్ మోగింది, జూడన్న మెసేజి. 'ఎక్కడిదాకా వచ్చావమ్మా. పార్కింగ్ దగ్గరికి నేనూ ఇషా వస్తున్నాం. నిమ్మకాయ పులిహోర తెస్తున్నాం. బుక్‌లెట్లు కూడా వచ్చాయి.' చివర దండం పెట్టే చేతుల బొమ్మ. ఆయన పులిహోర కలిపితే ఉప్పు తక్కువ, నిమ్మకాయ ఎక్కువ, పాపం. తింటుంది. ఏం పెట్టినా తింటుంది. ఒంటిగంటకి వచ్చేస్తానన్నా అని కొట్టింది.

పదహారో కిలోమీటరు, మూడో మడత. మోంబొన్నే, చిన్న గుడిలాంటి ప్రార్థనాలయం, ఇక్కణ్ణుంచి అడవి. పెన్సిల్ రాత: ఇక్కడ పర్సీ గొడవ మొదలుపెడుతుంది. అరటిపండు ఇవ్వాలి. అయినా వినకపోతే రెండోది ఇవ్వాలి. ఓసి నీ దుంపతెగ, అని నవ్వింది పర్సిస్, నిజంగానే పైకి నవ్వింది, ఎదురొస్తున్న కుక్క మనిషి ఇబ్బందిగా హాయ్ అన్నాడు. నన్నింత చదివావే, అనుకుంది. నన్నింత చదివినదానివి ఆ రోజు ఎందుకు అడగలేదు? మార్చుకుందామా అక్కా అని నేను అన్నప్పుడు, ఎందుకే అని ఒక్క మాట ఎందుకు అడగలేదు?

నేను అన్నప్పుడు. బాట మధ్యలో నిలబడిపోయింది. వందసార్లు చెప్పుకున్నదాంట్లో మార్చుకుందామని అడిగింది విమలక్క. నిజానికి అడగలేదు. విమలక్క తన కార్డు చదివి, దీర్ఘాయువు అంట, ఇంకా ఎన్నేళ్ళు చాకిరీ చేయాలో అని నవ్వి కారు తాళం వెతుక్కుంటోంది. కళ్ళు ఆ అట్టముక్క మీద పెట్టి నిలబడింది పర్సిస్. డిసెంబరు ఇరవై ఏడున ఎడమ రొమ్ములో సూది పెట్టి ముక్క తీశారు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పట్టికలోకి ఎక్కుతుంది, పర్సిస్ సిస్టర్ ఆరోగ్యం కోసం, అందరూ కళ్ళలోకి చూస్తారు. ఆ రోజుకి ఫలితం రావడానికి ఇంకా అయిదు రోజులుంది. స్వెట్టర్ కింద బ్యాండేజీ ఉంది. పళ్ళెంలో చెయ్యి పెట్టేటప్పుడు ఆమె దేవుణ్ణి అడిగింది ఒక్కటే, అది పక్కన నిలబడ్డ మనిషికి వచ్చింది. "అక్కా, మార్చుకుందామా. నీది నాకియ్యవా. నువ్వు ఎలాగూ ప్రయాణాల మనిషివి" అంది, తేలిగ్గా, నవ్వుతూ, గొంతు వణక్కుండా. విమలక్క పర్సిస్ మొహంలోకి ఒకసారి చూసింది. ఎంతసేపు? కారు తాళం రెండుసార్లు మోగినంతసేపు. "ఇందా, తీస్కో" అంది. అంతే అంది. ఆరో తారీకున రిపోర్ట్ వచ్చింది, ఏమీ లేదు. ఆ సాయంత్రం పర్సిస్ స్వీట్లు కొని పట్టుకెళ్ళింది, ఎందుకో చెప్పకుండా. విమలక్క రెండు కాజాలు తిని ఎందుకో అడగలేదు.

అట్టముక్క ఆయుష్షు పెంచదు, తగ్గించదు, ఆ మాత్రం తెలుసు. చిట్లిన నాళం ఎప్పటినుంచో పలచబడి ఉందని డాక్టరు చెప్పాడు, బహుశా పదేళ్ళ నుంచి. రెండు సంఘటనలు వరసగా జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు అని ఆమే ఆఫీసులో కొత్తవాళ్ళకి నేర్పుతుంది. తెలుసు. తెలిసీ రోజూ పొద్దున ఆ కార్డు తీసి చూస్తుంది. నమ్మకం లేనిదాన్నయితే ఎందుకడిగాను, నమ్మకం ఉన్నదాన్నయితే ఎలా అడిగాను? ఈ ప్రశ్నకి రెండు వైపులా బొబ్బలే. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. రేపు లేచి నిలబడి, పళ్ళెంలో చెయ్యి పెట్టింది, ఇదే వచ్చింది అని రెండు వాక్యాలు. జూడన్న వాయిస్తాడు. ఇషా ఏడుస్తుంది. నూట యాభై మంది ఆమెన్ అంటారు. చెబితే? చెబితే ఆయన మళ్ళీ దుప్పటి కప్పుతాడు. దేవుడు ఆమెకిచ్చింది దీర్ఘాయువు అని తెలిశాక ఆ దేవుడి ముందు ఏ పాట వాయిస్తాడు? ఒక మనిషిని నిలబెట్టిన కర్రని, అది నాది అని లాక్కోవడం ఏం న్యాయం. లాక్కోకపోతే, ఆ ఇంట్లో ఇక ఏ పూటా అన్నం సహించదు. అమ్మమ్మ అయితే ఒక్కటే అంటుంది, నువ్వు కూర్చో అని. ఇరవై. ఇరవై ఒకటి. వంతెన కింద నీడ మళ్ళీ వచ్చి పోయింది. కొంగ లేదు.

పార్కింగ్ కనిపించేసరికి పెద్ద నిర్ణయాలేవీ మిగల్లేదు, దాహం మిగిలింది. జూడన్న వ్యాను వెనక తలుపు ఎత్తి ఉంది, దాని అంచున ఇషా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల, తల్లి పొడుగు వచ్చేసింది. "ఆంటీ! యు డిడ్ ఇట్!" అని చప్పట్లు కొట్టింది. జూడన్న నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చాడు, తాగేదాకా ఆగాడు, ఆగలేక బుక్‌లెట్ ఒకటి తీసి ముందు పెట్టాడు. అట్ట మీద విమలక్క, నీలం చీర, నవ్వు ఆపుకుంటున్న మొహం. కింద బంగారు అక్షరాల్లో ఆ వాక్యం. "బాగొచ్చిందా అమ్మా?" అన్నాడు.

"బాగొచ్చిందన్నా" అంది పర్సిస్. తప్పు రాసేటప్పుడు ఉండాల్సిన వరస అంతా, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే, దారిపొడుగునా సిద్ధం చేసుకుంది. చెయ్యి జేబులోకి పోయాక ఆ వరస ఎటు పోయిందో. "అన్నా, అక్క కార్డు ఇది. ఆ రోజు అక్క చేతికొచ్చింది ఇది. అది నాది. మార్చుకున్నాం. నేనడిగాను, అక్క ఇచ్చింది."

జూడన్న కళ్ళజోడు లేకుండా కార్డుని దూరంగా పట్టుకుని చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఎందుకడిగావు?" అన్నాడు.

"డిసెంబర్‌లో బయాప్సీ చేశారు. ఆ రోజుకి రిజల్ట్ రాలేదింకా. భయమేసింది. అక్కకి కూడా చెప్పలేదు."

ఆయన బుక్‌లెట్ల పెట్టె వైపు చూశాడు, నూట యాభై కాపీలు. తల మీదుగా విమానం పోయింది. "రిపోర్ట్ ఏమొచ్చింది?" అన్నాడు.

పర్సిస్‌కి అర్థం కాలేదు. "ఏ రిపోర్ట్?"

"బయాప్సీది తల్లీ. ఏమొచ్చింది?"

"ఏం లేదన్నారు."

"ప్రభువుకి స్తోత్రం" అన్నాడు జూడన్న, అలవాటుగా కాదు, నిజంగానే అన్నాడు, అని వ్యాను అంచు మీద కూలబడ్డాడు. "ఆ వాక్యాన్ని పట్టుకునే కదమ్మా నేను ఇన్ని ఆదివారాలు నెట్టుకొచ్చింది" అన్నాడు. తెలుసన్నా, అంది పర్సిస్. ఇషా తండ్రి చేతిలో కార్డు తీసుకుని కింద ఇంగ్లీషులో ఉన్న లైను చదివింది. "సో ఇది అమ్మది? అమ్మ ఆంటీకి ఇచ్చేసిందా? బట్ పాస్టర్ అంకుల్ నో ఎక్స్‌చేంజ్ అంటారు కదా." జూడన్న ముక్కు తుడుచుకున్నాడు. "మీ అమ్మ ఏ రూలు విన్నది గనక" అన్నాడు. తర్వాత కార్డు తీసుకుని పర్సిస్ చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"మీ దగ్గర ఉండాలన్నా ఇది."

"ఇచ్చిన మనిషి తిరిగి అడగలేదు. అడగడానికి నేనెవర్ని? ఉంచుకో. రేపు నువ్వే లే. ఇప్పుడు చెప్పావు చూడు, అలాగే చెప్పు. అడిగావనీ చెప్పు, ఎందుకని అడక్కుండా ఇచ్చిందనీ చెప్పు. నేను వాయించగలనో లేదో నాకు తెలియదు. కూర్చుంటాను మాత్రం." బుక్‌లెట్లు, అంది పర్సిస్. "ఉండనీ. దాని మీదున్నది నీదేగా, నువ్వే చదువు" అన్నాడు. గొంతులో కోపం కూడా ఉంది, దాచలేదు.

ఇషా ఆమె మణికట్టు పట్టుకుని వాచీ చూసింది. "ట్వెంటీ త్రీ పాయింట్ ఫైవ్. అమ్మ షీట్‌లో ట్వెంటీ ఫోర్ ఉంది కదా ఆంటీ?" బాట తవ్వేశారని చెప్పింది పర్సిస్. "సో హాఫ్ బాకీ. పార్కింగ్‌లో నడుద్దాం" అంది ఇషా, ఇంకేదీ ముఖ్యం కానట్టు డబ్బా పక్కన పెట్టి లేచింది. కాగితం చివరి మడత ఇంకా విప్పలేదు. ఇషా విప్పింది. "నాకు తెలుగు రాత రాదు, డాడీ, ఏం రాసింది?"

జూడన్న చేయి చాచి పట్టుకుని చదివాడు. "సాన్ ప్రివా. వచ్చేశాం. ఇక్కడ పర్సీ ఏడుస్తుంది. ఏమీ అనకుండా ముందు నడవాలి."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి, కార్ల వరసల మధ్యకి బయల్దేరాడు. పర్సిస్ నాలుగడుగులు వెనక, ఎడమ కాలు కుంటుతూ నడిచింది. ఇషా ఒకసారి వెనక్కి తిరగబోతే తండ్రి తల మెల్లగా ముందుకి తిప్పాడు. పార్కింగ్ చుట్టూ రెండు చుట్లు తిరిగారు. వెనకనుంచి ఏం వినిపించినా ఇద్దరూ ఆగలేదు.